ఉప్పుగాలి దారిలో పాత కారు: టెక్కలి నుంచి ఉద్దానం దాకా

శ్రీకాకుళం నుంచి ఉత్తరంగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మడపాం వద్ద వంశధారను దాటి, నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా టెక్కలి చేరుతుంది. అక్కడి నుంచి పలాస, కంచిలి, ఇచ్ఛాపురం వరకు ప్రయాణికునికి ఎడమవైపున తూర్పు కనుమల వరుస, కుడివైపున బంగాళాఖాతం తోడు వస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన మహేంద్రగిరి శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. రహదారికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక నేలల పచ్చని పట్టీయే ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో విస్తరించిన ఈ సీమలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఇళ్లను కప్పివేసినట్టు పెరుగుతాయి. ఉద్యానం అన్న మాటే జనుల నోట ఉద్దానమైందని ఇక్కడి పెద్దలు చెబుతారు.

అల్లాహ్ ఇంతటి సౌందర్యాన్ని ప్రసాదించిన ఈ నేల మీదనే ఒక దీర్ఘకాలిక పరీక్ష కూడా కొనసాగుతోంది. దశాబ్దాలుగా ఇక్కడి కుటుంబాలను మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. మధుమేహం గానీ రక్తపోటు గానీ లేనివారికి సైతం, తోటల్లో కాయకష్టం చేసుకునే వారికి సైతం, అది సోకుతోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా దాని మూలకారణం ఇదమిత్థంగా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు తాగునీరు అందించే పథకం కూడా మొదలైంది. టెక్కలి, సోంపేట, కవిటి ఆసుపత్రుల్లోనూ డయాలసిస్ సదుపాయం ఉంది. వైద్యం దగ్గరకు వచ్చినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకోవాలి. అయితే వైద్యం ఉన్న చోటికి రోగి చేరవలసిన పని మాత్రం మిగిలే ఉంది. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు జరుగుతుంది. ఒక్కసారి తప్పినా శరీరంలో నీరు నిలిచి ఊపిరి కష్టమవుతుంది.

మా ఖాలా ఆ రోగుల్లో ఒకరు. ఆమె ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో ఉంది. మేము ఆమె కుమారుడు, ఇద్దరు అల్లుళ్లు కలిసి మూడు ఇళ్లవారం. డయాలసిస్ రోగులకు ప్రభుత్వమిచ్చే నెలకు 10,000 రూపాయల పింఛనులో పెద్ద భాగం ఆటో కిరాయికే పోతుండడం చూసి, చవకలో ఒక పాత కారు కొనాలని నిశ్చయించుకున్నాం. ఆ కారును ఎలా ఎంచుకున్నామో, ఏ మరమ్మతును ముందు పెట్టి దేన్ని వెనక్కు నెట్టామో, ఈ ప్రాంతపు దారులు మాకేమి నేర్పాయో ఇక్కడ వివరిస్తున్నాం. ఇలాంటి అవసరమే ఉన్న కుటుంబాలకు ఇది ఉపకరిస్తుందని మా ఆశ.

టెక్కలి: కొనుగోలులో నిజాయితీ

టెక్కలి రాతికి పేరుపొందిన ఊరు. ఇక్కడి నీలి గ్రానైట్ దూరదేశాలకు సైతం ఎగుమతి అవుతుంది. క్వారీల నుంచి బండరాళ్లు మోసుకువచ్చే లారీల వల్ల ఈ చుట్టుపక్కల దారులు గతుకులవుతాయి, దుమ్ము లేస్తుంది, చిన్న రాళ్లు ఎగిరి ముందు అద్దానికి తగులుతాయి. అందువల్ల ఈ పరిసరాల్లో తిరిగిన పాత కారును చూసేటప్పుడు కిలోమీటర్ల మీటరు కన్నా ముందు దాని కాళ్లను చూడాలన్నది మేము నేర్చుకున్న మొదటి పాఠం. కాళ్లంటే షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టీరింగ్ రాడ్ చివరలు, యాక్సిల్ బూట్లు. యాక్సిల్ మీది రబ్బరు బూటు చిరిగితే లోపలి గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి, మలుపు తిప్పినప్పుడల్లా టకటక శబ్దం వస్తుంది. బూటును సకాలంలో మారిస్తే కొన్ని వందలతో పోతుంది. ఉపేక్షిస్తే యాక్సిల్ మొత్తం మార్చవలసి వస్తుంది.

మేము చూసిన కార్లలో చివరకు నచ్చింది 2012లో రిజిస్టరైన 796 సీసీ పెట్రోల్ ఆల్టో. ధర 1,10,000 రూపాయలు. ఈ రకం ఎంచుకోవడానికి మా కారణం ఒక్కటే. దీని విడిభాగాలు పలాసలోనూ టెక్కలిలోనూ దొరుకుతాయి, దీన్ని విప్పి బిగించగల మెకానిక్కులు ప్రతి కూడలిలో ఉన్నారు. ఇంతకన్నా తక్కువ ధరకు ఇంకా పెద్ద కార్లు, ఇంకా విలాసమైన కార్లు కూడా వచ్చాయి. కానీ ఒక చిన్న భాగం కోసం విశాఖపట్నానికి కబురు పంపి నాలుగు రోజులు ఎదురుచూడవలసిన కారు, రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్లవలసిన ఇంటికి పనికిరాదు.

అమ్మినవారు ఒక ఉపాధ్యాయులు. కారు వెనుక సీటు కింద తుప్పు ఉందని, వేసవిలో ఇంజన్ వేడెక్కుతుందని ఆయనే ముందుగా చెప్పారు. మాకు ఆ క్షణాన ధాన్యపు కుప్ప వృత్తాంతం గుర్తుకొచ్చింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించారు. మోసగించేవారు తమవారు కారని హెచ్చరించారు. పాత కారు బేరంలో తడి గింజలంటే పుట్టీ కింద దాగిన తుప్పు, వెనక్కు తిప్పిన మీటరు, వరద నీట మునిగిన సంగతి దాచిపెట్టడం. లోపం చెప్పి అమ్మినవారి సొమ్ములో శుభం ఉంటుంది. లోపం తెలిసి కొన్నవారికి ఏ మరమ్మతుకు ఎంత సొమ్ము దాచుకోవాలో ముందే తెలుస్తుంది.

పత్రాల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. యాజమాన్య బదిలీకి 29, 30వ నంబరు ఫారాలు, అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు బాకీ తీరినట్టు 35వ నంబరు ఫారం కావాలి. ఈ జిల్లా ఒడిశాకు సరిహద్దు. అక్కడ రిజిస్టరైన కారు ధర తక్కువగా కనిపించినా, దానికి 28వ ఫారం మీద అక్కడి రవాణా కార్యాలయపు ఎన్‌ఓసీ తేవాలి, మన రాష్ట్రపు జీవితకాల పన్ను కట్టాలి. ఈ రెండూ కలిపితే చవక అన్నది చాలావరకు కరిగిపోతుంది. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 5,000 రూపాయలైంది. మా కారుకు ఆ గడువు 2027లో వస్తుంది. కనుక ఆ ఖర్చు కూడా కొన్న రోజునే మా లెక్కలో చేరింది.

నౌపడ, భావనపాడు: ఉప్పు చేసే పని

టెక్కలికి తూర్పున కొద్ది దూరంలోనే నౌపడ. ఇక్కడి నుంచి పర్లాకిమిడి వైపు 1900లో వేసిన నారోగేజి చిన్న రైలు మార్గం నేడు బ్రాడ్‌గేజిగా గుణుపురం దాకా సాగుతోంది. నౌపడ పరిసరాల్లో కనుచూపు మేర ఉప్పుమడులు. తెల్లని కుప్పలు ఎండలో మెరుస్తుంటాయి. కాలిపిక్కలు పగిలినా మడిలో నిలబడి ఉప్పును గోరే కూలీల శ్రమను చూసినవారు అన్నంలోని ఉప్పును తేలికగా తీసుకోలేరు. సమీపంలోని తేలినీలాపురం చింతచెట్ల మీదకు ఏటా శీతకాలపు ముందు పెలికాన్ పక్షులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఊరివారు వాటిని అతిథులుగా కాపాడతారు. ఇంకా ముందుకు వెళితే భావనపాడు తీరం, మత్స్యకారుల పడవలు. పక్కనే మూలపేట వద్ద 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన ఓడరేవు.

ఈ ఉప్పుగాలి మనిషికి హాయి, ఇనుముకు శత్రువు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. తేమ నిలిచిన చోట తుప్పు త్వరగా వ్యాపిస్తుంది. పై రంగు నిగనిగలాడుతున్నా తుప్పు కింద నుంచి మొదలవుతుంది. చక్రాల పైనుండే తొట్టి అంచులు, తలుపుల కింది అంచు, నేల రేకు, సైలెన్సర్, బ్రేక్ ఆయిల్ వెళ్లే సన్నని ఇనుప గొట్టాలు దాని మొదటి ఆహారం. తలుపు తుప్పుపడితే అందం చెడుతుంది. బ్రేక్ గొట్టం తుప్పుపడితే ప్రాణం మీదికొస్తుంది. ఈ రెండింటి మధ్య భేదం గ్రహించడమే మరమ్మతుల ప్రణాళికకు పునాది.

అందుకే మేము రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, సముద్రపు ఒడ్డుకు వెళ్లి వచ్చిన నాడు మంచినీటితో కారు అడుగు భాగాన్ని కడగడం. పైభాగం కడగడానికి ఒక బకెట్టు, అడుగుకు రెండు బకెట్లు. రెండు, వర్షాలకు ముందు ఏడాదికొకసారి కారును పైకెత్తించి, నేల రేకును సుత్తి పిడితో తట్టి చూసి, బోలు శబ్దం వచ్చిన చోట రేకు వేయించి, అండర్ కోటింగ్ పట్టించడం. తుప్పును గోకి తీయకుండా పైన నల్లని పూత పూయించడం వృథా. అది ధాన్యం మీద పొడి గింజలు చల్లినట్టే అవుతుంది.

పలాస: ఏది ముందు, ఏది తర్వాత

పలాస, కాశీబుగ్గ జంట పట్టణాల్లోకి అడుగుపెట్టగానే జీడిపిక్కలు కాల్చే వాసన పలకరిస్తుంది. ఇక్కడి జీడిపప్పు దేశమంతటికీ వెళుతుంది. వందలాది కర్మాగారాల్లో వేలాదిమంది, అందులో స్త్రీలే ఎక్కువగా, పిక్కలు పగలగొట్టి పప్పు వేరుచేస్తుంటారు. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఈ స్టేషనుది ముఖ్యమైన స్థానం. జీడిపప్పు, కొబ్బరి, ఆసుపత్రి అన్నీ ఒకే చోట ఉండడం వల్ల ఈ పట్టణపు మెకానిక్ షెడ్లకు ఎప్పుడూ పని ఉంటుంది. విడిభాగాల దుకాణాలూ ఎక్కువే.

కారు కొనడానికి మా వద్ద మొత్తం 1,50,000 రూపాయలు ఉన్నాయి. అందులో 40,000 విడిగా మూటకట్టి పెట్టాకే బేరానికి కూర్చున్నాం. పాత కారుకు ఉన్న సొమ్మంతా ధరగా చెల్లించి, మొదటి నెలలోనే చేతులెత్తేసే కుటుంబాలు ఎన్నో. చవక కారు ధర రెండు భాగాలు. ఒకటి అమ్మకందారునికి, రెండవది మెకానిక్కుకు. ఆ రెండవ భాగాన్ని ముందే పక్కన పెట్టనివారికి కారు చవక కాదు.

షెడ్డులో మేస్త్రి కారును లిఫ్టు మీద పెట్టి, దీపం పట్టుకుని పావుగంట చూశాడు. "బాబూ, ఇంజనుతో పేచీ లేదు, అడుగుతోనే పేచీ" అన్నాడు. ఆయన చెప్పినవన్నీ ఒక పుస్తకంలో రాసుకుని నాలుగు వరుసలుగా విభజించాం. మొదటి వరుస కారును ఆపేవి, అంటే బ్రేకులు. రెండవది నేలను పట్టుకునేవి, అంటే టైర్లు, స్టీరింగ్. మూడవది దారిలో నిలిపివేసేవి, అంటే బెల్టులు, బ్యాటరీ, రేడియేటర్. నాలుగవది సుఖం కోసం, అందం కోసం చేసేవి. పై మూడు వరుసలు పూర్తయ్యే దాకా నాలుగవ వరుస జోలికి పోరాదని ఒప్పందం. సీటు కవర్లు, పాటల పెట్టె, రంగు మెరుగు అన్నీ ఆ వరుసలోనే మిగిలాయి.

ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనుక షూలు, కారుతున్న వీల్ సిలిండర్, కొత్త బ్రేక్ ఆయిల్ కలిపి 4,800 రూపాయలయ్యాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఈ తీరంలో ఆ గుణం మరింత హాని చేస్తుంది. కనుక రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చాలి. నాలుగు టైర్లకు 13,000 అయ్యాయి. పాతవాటి మీద గాళ్లు బాగానే ఉన్నాయి గానీ, వాటి పక్కన ముద్రించిన నాలుగంకెల సంఖ్య వాటి వయసు చెప్పింది. ఆ సంఖ్యలో మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఎండకు గట్టిపడి పగుళ్లిచ్చిన పాత రబ్బరు జాతీయ రహదారి వేగంలో పగిలే ప్రమాదముంది.

టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు ఒకేసారి మార్పించగా 4,500 అయ్యాయి. ఈ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ముందస్తు హెచ్చరిక లేకుండా తెగి, కారును ఉన్న చోటనే నిలిపివేస్తుంది. పాత యజమాని దాన్ని ఎప్పుడు మార్చారో ఆధారం లేకపోతే, మార్చలేదనే లెక్కవేయాలి. పంపును కూడా అప్పుడే మార్చడానికి కారణం కూలి. రెండింటికీ విప్పవలసిన భాగాలు చాలావరకు ఒకటే. రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్, కూలెంట్ 2,500. బ్యాటరీ 4,200. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు 2,600. వెనుక సీటు కింద రేకు వెల్డింగు, అండర్ కోటింగ్ 5,000. మొత్తం 36,600 రూపాయలు. మిగిలిన 3,400 స్టెప్నీ, జాకీ, పానా, టార్చిలైటుకు, అత్యవసర నిధికి ఆరంభపు సొమ్ముకు సరిపోయాయి.

ఈ పట్టీ అన్ని కార్లకూ ఇలాగే ఉండదు. ధరలూ మారుతుంటాయి. మారనిది ఆ వరుస క్రమం. చేతిలో పదివేలే ఉంటే ఆ పదివేలు బ్రేకులకూ టైర్లకూ పోవాలి. ఏసీ ఎంత అవసరమనిపించినా తర్వాతే.

ఉద్దానం దారులు: ఇసుక, వాన, తుపాను

పలాస నుంచి తూర్పుకు తిరిగితే దారి సన్నబడుతుంది. ఇరువైపులా జీడిమామిడి తోటలు, తరువాత కొబ్బరి. అక్కుపల్లి వద్ద అలలు ఇసుకను తాకే చోటు ఎంతో ప్రశాంతం. ఉత్తరాన బారువలో పూర్వపు ఓడరేవు జ్ఞాపకంగా దీపస్తంభం నిలిచి ఉంది. మహేంద్రతనయ నది అక్కడే సాగరంలో కలుస్తుంది. ఈ తీరమంతా తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా. సృష్టికర్త ఏర్పరచిన ఈ సమతూకాన్ని చూసే మనసుకు మాటలు చాలవు.

అయితే చక్రాలకు ఇక్కడి ఇసుక పరీక్షే. తీరపు బాట మీద మెత్తని ఇసుకలో కారును బలవంతంగా నడిపితే క్లచ్ ప్లేటు కాలిపోతుంది. తారు ముగిసిన చోట కారును ఆపి నడిచి వెళ్లడమే మా పద్ధతి. ఇసుక దుమ్ము గాలి ఫిల్టరును త్వరగా మూసివేస్తుంది. దాన్ని ప్రతి రెండు నెలలకొకసారి తీసి చూస్తాం. ఇంజన్ ఆయిల్‌ను 5,000 కిలోమీటర్లకే మారుస్తున్నాం. ఊరి నుంచి ఆసుపత్రికి రానూపోనూ 44 కిలోమీటర్లు. నెలకు 13 ప్రయాణాలకు 572 కిలోమీటర్లు. సంతకూ బంధువుల ఇళ్లకూ తిరిగినది కలుపుకుంటే ఏడు నెలలకొకసారి ఆయిల్ మార్పు వస్తుంది.

రేడియేటర్‌లో బోరు నీరు పోయడం పల్లెల్లో అలవాటు. ఆ నీటిలోని లవణాలు సన్నని గొట్టాల్లో పేరుకుని, రెండు వేసవులకే ఇంజన్ వేడెక్కేలా చేస్తాయి. మా కారు పాత యజమాని చెప్పిన వేడి రోగానికి మూలం అదే అయింది. శుద్ధజలంలో కలిపిన కూలెంట్ తప్ప మరేదీ పోయరాదన్న నియమాన్ని రేడియేటర్ మూత మీదే రాసి అంటించాం. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తెరవడం ప్రమాదకరం కూడా.

ఇక తుపానులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, 165 దాకా ఈదురులతో వీచిన ఆ గాలి లక్షలాది కొబ్బరి, జీడిమామిడి చెట్లను కూల్చివేసింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఎన్నో ఇళ్లు ఆ లోటును నేటికీ మోస్తున్నాయి. చెట్ల నీడ ఎక్కువైన ఈ ఊళ్లలో కారును కొబ్బరి చెట్టు కింద నిలపడం సహజం. మామూలు రోజుల్లోనే ఒక కాయ పడితే అద్దం పగులుతుంది. తుపానులో చెట్టే పడుతుంది. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ హెచ్చరిక వినగానే మేము మూడు పనులు చేస్తాం. పెట్రోలు నింపడం, కారును చెట్లకు దూరంగా మెరక నేల మీద నిలపడం, డయాలసిస్ రోజును ఒకరోజు ముందుకు జరపడం వీలవుతుందేమో ఆసుపత్రిలో అడగడం. దారిలో నీరు నిలిస్తే లోతు తెలియకుండా కారు దింపం. నీట మునిగిన కారును స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకూడదు. ఇంజన్‌లోకి చేరిన నీరు కనెక్టింగ్ రాడ్లను వంచివేస్తుంది.

ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లని పొడి పేరుకుంటుంది. వేడినీటితో కడిగి, ఆరబెట్టి, వేజలిన్ పూయడానికి పది నిమిషాలు చాలు. తెల్లవారుజామున తొలి విడత డయాలసిస్‌కు బయలుదేరవలసిన ఇంట్లో ఆ పది నిమిషాల విలువ ఎంతో చెప్పనవసరం లేదు.

సొమ్ము: పుస్తకంలో రాసిన మాట

హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టులో ఏడు సమృద్ధి సంవత్సరాల పంటను ఏడు కరువు సంవత్సరాల కోసం ఎలా దాచమన్నారో దివ్యఖుర్‌ఆన్ వివరిస్తుంది. అది దైవం మీది నమ్మకానికి విరుద్ధమైన పని కాదు, నమ్మకంలోని భాగం. పాత కారుకు కరువు తప్పక వస్తుంది. ఏ నెలలో వస్తుందో మాత్రమే తెలియదు.

మేము మూడు ఇళ్లవారం నెలకు 900, 800, 800 చొప్పున 2,500 రూపాయలు ఒక డబ్బాలో వేస్తాం. ఏడాదికి 30,000. ఆయిల్ మార్పులు, బీమా, వర్షాలకు ముందు అడుగు పని, కాలుష్య ధ్రువపత్రం అందులోంచే జరుగుతాయి. 1,000 సీసీ లోపు కారుకు చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మూల ప్రీమియం 2022 జూన్ నుంచి 2,094 రూపాయలు. మిగిలినది తర్వాతి టైర్లకు, బ్యాటరీకి, క్లచ్చుకు, 2027 నాటి రిజిస్ట్రేషన్‌కు నిలవ ఉంటుంది. పెట్రోలు ఖర్చు దీనికి వేరు. మరమ్మతు కోసం వడ్డీకి అప్పు చేయరాదన్నది మా తొలి షరతు. వడ్డీ హరామ్ అన్నది ఒక కారణమైతే, విరిగిన కారుకూ వడ్డీకీ ఒకేసారి చెల్లిస్తూ కుంగిపోయిన ఇళ్లను చూసి ఉండడం రెండవ కారణం. ఒకసారి డబ్బాలో చాలక ఒక ఇంటివారు రెండువేలు ఎక్కువ పెట్టినప్పుడు ఆ మాటను తేదీతో సహా పుస్తకంలో రాశాం. రుణాన్ని రాసి పెట్టుకోమన్న దైవాజ్ఞ దగ్గరి బంధువుల మధ్య మరింత అవసరం. రాసిన లెక్క ప్రేమను తగ్గించదు, అనుమానాన్ని తగ్గిస్తుంది.

అదే పుస్తకంలో ప్రతి మరమ్మతుకు ఎదురుగా తేదీ, కిలోమీటర్ల అంకె, మార్చిన భాగం, కూలి, తిరిగి చూడవలసిన సమయం రాస్తాం. మార్చిన పాత భాగాన్ని చూపించమని అడుగుతాం. మంచి మేస్త్రి దానికి నొచ్చుకోడు. మనం కూడా మంచి మేస్త్రి కూలిని బేరమాడి కోయకూడదు. కష్టజీవికి అతని వేతనం ఆలస్యం లేకుండా అందాలన్నది మన ధర్మం.

డయాలసిస్ రోజు

కారు ఎంత బాగున్నా ఆగిపోయే రోజు ఒకటుంటుందని ఒప్పుకోవడమే అసలైన ప్రణాళిక. ప్రయాణానికి ముందు రాత్రి ఐదు నిమిషాలు టైర్ల గాలి, ఆయిల్, కూలెంట్, దీపాలు చూస్తాం. ఉదయం అరగంట ముందు బయలుదేరతాం. ఊరిలో ఒక ఆటో సోదరునితో ముందే మాట అనుకుని ఉంచాం. కారు కదలకపోతే పది నిమిషాలకు మించి దానితో పెనుగులాడకుండా ఆటో ఎక్కిస్తాం. ఖాలాకు ఆయాసం వస్తే కారునూ ఆటోనూ చూడకుండా నేరుగా 108కు ఫోన్ చేయాలని ఇంటి పిల్లలకు సైతం నేర్పాం.

పక్క ఇంటి కొబ్బరి రైతు కూడా అదే విడతలో డయాలసిస్‌కు వెళతారు. మొదటి వారమే ఖాలా మమ్మల్ని పిలిచి, "బేటా, వెనుక సీటు ఖాళీగా పోతోంది, అన్నయ్యగారిని ఎక్కించుకోండి" అన్నారు. ఆయన కిరాయి ఇవ్వబోతే ఆమె ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఆయన ఇంటి నుంచి కొబ్బరికాయలు, పనస తొనలు మా వాకిట్లోకి వస్తున్నాయి. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుని అలసిపోయిన ఇద్దరు వృద్ధులు తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి తోటల్ని చూస్తూ పాత ముచ్చట్లు చెప్పుకుంటారు. పొరుగువారి హక్కు మీద దైవప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో చదివినవారికి ఆ వెనుక సీటు విలువ తెలుస్తుంది. బ్రేకులు సరిగా ఉంచుకోవడం మా కుటుంబానికే కాక, మమ్మల్ని నమ్మి ఎక్కిన మరొక కుటుంబానికి కూడా మేము చెల్లించవలసిన బాధ్యత, అమానత్.

ఎంతవరకు ఉంచుకోవాలి

పాత కారు మీద మమకారం పెరగడం సహజం. అందుకే హద్దును ముందే రాసుకున్నాం. ఒక్క మరమ్మతు ఖర్చు కారు అప్పటి విలువలో మూడవ వంతు దాటితే, మూడు ఇళ్లవారం కూర్చుని ఆలోచించాకే చేయించాలి. ఇంజన్ పొగ ఇంకా భరించవచ్చు, మార్చవచ్చు. కానీ సస్పెన్షన్ బిగించి ఉన్న చోట శరీరపు ఇనుము తుప్పుపట్టి కృశిస్తే, ఎంత తక్కువ ఖర్చు చెప్పినా ఆ కారు మనుషులను ఎక్కించడానికి పనికిరాదు. దాన్ని మరొకరికి కారుగా అమ్మడం కూడా ధర్మం కాదు. తుక్కుకే ఇవ్వాలి.

తుక్కు దశ రాకముందే అమ్మవలసి వస్తే, మరమ్మతుల పుస్తకం కూడా కారుతో పాటే కొన్నవారికి ఇస్తాం. ఏది మార్చామో, ఏది మార్చవలసి ఉందో, ఎక్కడ రేకు వేశామో అన్నీ అందులో ఉన్నాయి. దాని వల్ల పదో ఇరవయ్యో వేలు ధర తగ్గవచ్చు. ఆ తగ్గిన సొమ్ముతో కొన్నవారు తమ మొదటి బ్రేకులు వేయించుకుంటారు. వారింట్లోనూ ఎవరో ఒకరు పలాస ఆసుపత్రికి వేళకు చేరవలసిన వారుండవచ్చు.

ఉద్దానంలోని రోగులందరికీ, వారిని మోసే ప్రతి వాహనానికీ, ఆ వాహనాలను నడిపే చేతులకూ అల్లాహ్ క్షేమం ప్రసాదించుగాక! ఆమీన్.